నెట్ రావట్లేదంటే, ఏది రావట్లేదు?

చిన్నా,

శ్రీకాకుళంలో ఇంటర్నెట్ ఆఫీసులో చేరావని అక్క చెప్పింది. ఫిర్యాదుల ఫోన్లు మోగితే చాలు, టెన్షన్ పడిపోతున్నావట. ఎవరైనా "నెట్ రావట్లేదు" అనగానే రౌటర్ ఆపి ఆన్ చెయ్యమనకు. ఒక్కోసారి దాంతోనే బాగవుతుంది గానీ, ఏం పాడైందో నీకెప్పటికీ తెలీదు. పేరు దొరకట్లేదా, దారి లేదా, మాట మధ్యలో తెగుతోందా? ముందు అది తేల్చు.

గూగుల్ వాళ్ల 8.8.8.8 అనే చిరునామాకి పింగ్ కొట్టించు, అంటే చిన్న పలకరింపు పంపి జవాబు వస్తుందేమో చూడమను. జవాబు వచ్చి, సైట్లు మాత్రం తెరుచుకోకపోతే డీఎన్ఎస్‌ని, అంటే సైటు పేరుకి ఐపీ (యంత్రం అంకెల చిరునామా) వెతికిచ్చే ఏర్పాటుని అనుమానించు, దాన్ని అడిగి చూసే ఎన్ఎస్‌లుకప్ కమాండ్‌తో చూడు. పేరు వేరు, చోటు వేరు. మీ శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఉన్నది ఆమదాలవలసలో కదా! ఒకప్పుడు నెట్‌లో యంత్రాల పేర్లన్నీ ఒకే ఫైల్లో రాసేవారు. అది మొయ్యలేకే 1983లో డీఎన్ఎస్ రూపొందించారు. సైటు ఐపీ మార్చాక కూడా కొందరికి పాతదే వస్తోందంటే కంగారుపడకు. ఆ జవాబుకి పెట్టిన టీటీఎల్ అనే గడువు తీరేదాకా క్యాష్‌లో, అంటే తాత్కాలికంగా దాచుకున్న నకల్లో, పాతదే ఉంటుంది.

పింగే అందకపోతే, దారిలో ఏయే రౌటర్లు తగులుతున్నాయో చూపే ట్రేస్‌రూట్ వెయ్యి. మధ్యలో స్టార్ గుర్తులు వచ్చాయని లైన్ తెగిందని రాసెయ్యకు. కొన్ని రౌటర్లు ప్యాకెట్లని (డేటా ముక్కల్ని) ముందుకి పంపుతాయి గానీ వాటినే పలకరిస్తే పలకవు.

అసలు తలనొప్పి సెషన్‌తోనే, అంటే రెండు యంత్రాల మధ్య సాగే మాటలతోనే. ఆ మాటల్ని వరస తప్పకుండా చేర్చే పద్ధతి టీసీపీ. అది ఒక కనెక్షన్‌ని ఇటు ఐపీ, ఇటు పోర్టు (యంత్రంలో ఏ ప్రోగ్రాముకో చెప్పే నంబరు), అటు ఐపీ, అటు పోర్టు, ఈ నాలుగింటితో గుర్తుపడుతుంది. ఫోన్ వైఫై నుంచి మొబైల్ డేటాకి మారితే ఐపీ మారిపోతుంది. మనిషి అతనే అయినా టీసీపీకి కొత్తవాడే, సగం దిగిన ఫైలు ఆగిపోతుంది. నన్నడిగితే ఇది మొదట్లోనే పడిన ముడి: ఎవరన్నదాన్ని ఎక్కడున్నాడన్నదానికి కట్టేశారు. 2021లో ప్రమాణంగా వచ్చిన క్విక్ అనే కొత్త పద్ధతి, కనెక్షన్‌కి సొంత ఐడీ ఇచ్చి ఆ ముడి విప్పింది. ఇక "కాసేపు వదిలేస్తే వేలాడిపోతోంది" అనే ఫిర్యాదు వస్తే న్యాట్ పట్టిక చూడు, అంటే ఇంట్లో యంత్రాలన్నీ ఒకే బయటి ఐపీని పంచుకునేలా రౌటర్ రాసుకునే లెక్క. ఊరికే ఉన్న సెషన్‌ని రౌటర్ అందులోంచి తీసేస్తుంది. మధ్యమధ్యలో చిన్న ప్యాకెట్ పంపి సెషన్‌ని బతికించే కీప్‌అలైవ్ పెట్టిస్తే సరి.

తీరిక చేసుకుని, వచ్చే పోయే ప్యాకెట్లని పట్టి చూపే వైర్‌షార్క్ ప్రోగ్రాం నేర్చుకో. కనెక్షన్ మొదలుపెట్టమని అడిగే సిన్ ప్యాకెట్ వెళ్లి ఉలుకూ పలుకూ లేకపోతే దారో, ప్యాకెట్లని అడ్డుకునే ఫైర్‌వాలో వెతుకు. కుదరదని చెప్పే రీసెట్ ప్యాకెట్ తిరిగొస్తే మామూలుగా యంత్రం దాకా చేరినట్టే, ఆ పోర్టులో సర్వీసు నడవట్లేదంతే. అలాంటప్పుడు ఎండలో కుర్రాణ్ణి స్తంభం ఎక్కించకు, సర్వర్ చూసేవాళ్లకి ఫోన్ చెయ్యి.

మీ మావయ్య,
విజయనగరం