బరువు తక్కువగా పుట్టిన పాపకు పెద్దయ్యాక షుగర్ వస్తుందా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా పాపకు 14 నెలలు. నెలలు నిండాకే పుట్టింది, కానీ బరువు 2.1 కిలోలే. ఇప్పుడు 8.2 కిలోలు, పొడవు 74 సెం.మీ. తక్కువ బరువుతో పుట్టినవాళ్లకు పెద్దయ్యాక షుగర్, బీపీ వస్తాయని ఫోన్‌లో చదివినప్పటి నుంచి ఒకటే టెన్షన్. ఎనిమిదో నెలలో మా అత్తగారు ‘బిడ్డ పెద్దదైతే కాన్పు కష్టం, కాస్త తక్కువ తిను’ అంటే అలాగే చేశాను. తప్పు నాదేనా? పాప బొద్దుగా అవ్వాలని చక్కెర వేసిన పాలు, బిస్కెట్లు బాగా పెడుతున్నాం. మంచిదేనా?
– ఓ పాఠకురాలు, ఖమ్మం జిల్లా

జవాబు: అమ్మా, తప్పు మీది కాదు. మీ అత్తగారిదీ కాదు. కాన్పులో తల్లులు చనిపోవడం కళ్లారా చూసిన తరాల భయం ఆ మాట. కడుపులో బిడ్డ ఎదుగుదల ఒక నెల తిండితో తేలిపోదు. గర్భం రాకముందు తల్లి బరువెంత, రక్తం ఎంత ఉంది, బీపీ ఎలా ఉంది, బిడ్డకు ఆహారం అందించే మాయ సరిగా పనిచేసిందా... ఇలా చాలా కలుస్తాయి.

మీరు చదివింది అబద్ధం కాదు. కడుపులో బిడ్డకు ఆహారం చాలకపోతే శరీరం ముందు మెదడును కాపాడుకుంటుంది. కోత పడేది కండకు, కిడ్నీకి, రక్తంలో చక్కెరను అదుపు చేసే ఇన్సులిన్‌ను తయారుచేసే పాంక్రియాస్‌కు. కిడ్నీలో రక్తాన్ని వడకట్టే నెఫ్రాన్లు కాన్పుకు ముందే తయారైపోతాయి, పుట్టాక కొత్తవి రావు. అవి తక్కువైతే పెద్దయ్యాక బీపీ వచ్చే అవకాశం పెరుగుతుంది. పుణే దగ్గరి పల్లెల్లో డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం పసిపిల్లల్ని కొలిచి, ఇంగ్లండ్ పిల్లలతో పోల్చి చూసింది. మన పిల్లల సగటు బరువు 2.7 కిలోలు, వాళ్లది 3.5. కానీ మన పిల్లల్లో తగ్గింది ఎక్కువగా కండ. చర్మం కింద కొవ్వు అంతగా తగ్గలేదు. రక్తంలోని చక్కెరను ఎక్కువగా వాడుకునేది కండే. సన్నగా కనబడే మనవాళ్లకు చిన్న వయసులోనే షుగర్ ఎందుకొస్తుందో ఇక్కడే కొంత అర్థమవుతుంది.

అయితే తక్కువ బరువు అంటే షుగర్ రాసిపెట్టి ఉన్నట్టు కాదు. పుట్టాక ఎలా పెరిగారన్నది చాలా ముఖ్యం. ఢిల్లీలో పుట్టినప్పటి నుంచి దాదాపు ముప్పై ఏళ్ల వయసు దాకా సుమారు 1,500 మందిని గమనించారు. షుగర్ ఎక్కువగా కనిపించింది రెండేళ్ల లోపు బక్కగా ఉండి, ఆ తర్వాత ఎత్తుకు మించి బరువు పెరుగుతూ పోయినవాళ్లలో. మీ ఇంట్లో ‘త్వరగా బొద్దుగా’ అంటున్నారే, నా భయం దాని గురించే.

మన దగ్గర జరిగిన పరిశోధన కూడా ఒకటుంది. 1987 నుంచి 1990 వరకు హైదరాబాద్ చుట్టుపక్కల కొన్ని ఊళ్లలో గర్భిణులకు, ఆరేళ్ల లోపు పిల్లలకు అంగన్‌వాడీ తరహాలో రోజూ ఉప్మా పెట్టారు. మొక్కజొన్న, సోయా కలిపిన పిండితో చేసిన మామూలు ఉప్మానే. ఆ పిల్లలు 13-18 ఏళ్ల వయసుకొచ్చాక పరీక్షిస్తే, ఉప్మా అందని ఊళ్ల పిల్లలకన్నా సగటున 14 మి.మీ. ఎత్తు ఎక్కువున్నారు, ఇన్సులిన్ మెరుగ్గా పనిచేస్తోంది, రక్తనాళాలు తక్కువ బిరుసుగా ఉన్నాయి. ఒక్క పూట ఉప్మా! అంగన్‌వాడీ గుడ్డును, బాలామృతాన్ని చిన్నచూపు చూసేవాళ్లకు నేను ఈ సంగతే చెబుతుంటాను.

ఇక మీ పాప. 14 నెలల ఆడపిల్లకు 8.2 కిలోలు సగటుకన్నా కొంచెం తక్కువే, కానీ ఎదుగుదల చార్టులో ప్రమాదకరమైన గీత కింద లేదు. పొడవుకు తగ్గ బరువే ఉంది. పుట్టిన బరువుకు దాదాపు నాలుగు రెట్లు అయింది కదా, బాగా పుంజుకున్నట్టే.

చక్కెర పాలు, బిస్కెట్లు ఈ రోజే ఆపేయండి. అవి ఆకలిని చంపుతాయి, కొవ్వునే పెంచుతాయి. మెత్తగా కలిపిన పప్పన్నం, ఒక చెంచా నెయ్యి, రోజూ ఒక గుడ్డు, ఉడికించిన ఆకుకూర, అరటిపండు, మెత్తటి పల్లీ పొడి పెట్టండి. మీ పాలు ఇంకా ఇస్తుంటే రెండేళ్ల దాకా మానకండి. గేదె పాలు, ఆవు పాలు రోజుకు అర లీటరు దాటితే పాపకు రక్తం తగ్గుతుంది. ఆశా కార్యకర్త ఇచ్చే ఐరన్ సిరప్ వారానికి రెండుసార్లు 1 మి.లీ. వేయండి. అంగన్‌వాడీలో నెలనెలా బరువు, పొడవు రెండూ చూపించండి. వరుసగా రెండు నెలలు బరువు పెరగకపోతే పిల్లల డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

మరో బిడ్డ గురించి ఆలోచిస్తుంటే కనీసం రెండేళ్లు ఆగి, ముందుగా హిమోగ్లోబిన్, షుగర్ పరీక్షలు చేయించుకోండి. ఈసారి అత్తగారిని కూడా చెకప్‌కు తీసుకెళ్లండి, ఎంత తినాలో డాక్టర్ నోటితో ఆమే వింటారు.

పాపకు మూడేళ్లు వచ్చాక ఏడాదికోసారి బీపీ చూపించండి. మాతా శిశు కార్డులో ‘పుట్టిన బరువు 2.1’ అని రాసిన పేజీ ఉంటుంది, దాన్ని ఫొటో తీసి భద్రంగా పెట్టండి. పాప పెద్దయ్యాక ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లినా అది చూపించాలి.