డెల్టా జి నెగెటివ్ అయినా చర్య ఎందుకు జరగదు? ఉడికిన గుడ్డు వెనక్కి ఎందుకు రాదు?

మీరు అడిగింది ఇదీ: డెల్టా జి (చర్యలో స్వేచ్ఛా శక్తి ఎంత మారిందో చెప్పే అంకె) నెగెటివ్ అయితే చర్య దానంతటదే జరుగుతుందంటారు, మరి చర్య సాగేకొద్దీ శక్తి ఎలా మారుతుందో చూపే గ్రాఫ్ మధ్యలో ఆ కొండ ఎందుకు, ప్రోటీన్ల పాఠంలో అదే గ్రాఫ్ గరాటులా ఎందుకు మారింది, ఉడికిన గుడ్డు చల్లారాక మళ్లీ పచ్చిగుడ్డు ఎందుకు కాదు. నేను బయోకెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేశాను. ఇంటర్‌లో డెల్టా జి = డెల్టా హెచ్ (ఎంథాల్పీ, వేడి లెక్క) మైనస్ టి (ఉష్ణోగ్రత) డెల్టా ఎస్ (ఎంట్రోపీ, స్వేచ్ఛ లెక్క) అనే ఫార్ములా మీద లెక్కలన్నీ టకటకా చేసేవాణ్ణి, అర్థం మాత్రం వైవాలో పరువు పోయాకే తెలిసింది.

బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ మేడం వజ్రం గ్రాఫైట్‌గా మారడానికి డెల్టా జి ఎంత అని అడిగారు. గది ఉష్ణోగ్రత దగ్గర మోల్‌కు దాదాపు మైనస్ 3 కిలోజౌల్స్ అని చెప్పాను, బట్టీ పట్టిందే కదా. ఆవిడ తన ముక్కుపుడక మీద వేలు పెట్టి, "ఇది మా అమ్మమ్మది, ఇంకా పెన్సిల్ ముక్క అవలేదేం?" అన్నారు. నేను కంగారులో "అయితే పాజిటివేమో మేడం" అనేశాను. కరెక్టుగా చెప్పిన జవాబును నేనే చెడగొట్టుకున్నాను.

నీరు పల్లమెరుగు అంటాం కదా. చెరువు కింద పొలాలు పల్లంలోనే ఉంటాయి, అయినా కట్ట ఉన్నంతకాలం నీళ్లు చెరువులోనే ఉంటాయి. చెరువుకీ పొలానికీ మధ్య ఎత్తు తేడా డెల్టా జి, కట్ట ఎత్తు ఉత్తేజన శక్తి, అంటే గ్రాఫ్‌లో ఆ కొండ. మొదటిది ఎటు పోతుందో చెబుతుంది, రెండోది ఎంత త్వరగా పోతుందో చెబుతుంది, వీటికి ఒకదానితో ఒకటి సంబంధం ఉండనక్కర్లేదు. ఎంజైమ్ కట్టలో తూము లాంటిది, అది తెరిస్తే చెరువు ఎత్తూ మారదు, పొలం ఎత్తూ మారదు. ఇంకో మాట, గ్రాఫ్‌లో అడ్డంగా ఉన్న గీత కాలం కాదు, చర్య ఎంతవరకు నడిచిందన్నది మాత్రమే. నేను డిగ్రీ అయ్యేదాకా దాన్ని సెకన్లనే అనుకున్నాను. ఒక్క అంకె గుర్తుపెట్టుకోండి, 25 డిగ్రీల దగ్గర 5.7 కిలోజౌల్స్. రెండు చివరల మధ్య తేడా అంత పెరిగితే పైదానితో పోలిస్తే కింద ఉన్నదాని నిష్పత్తి పదింతలవుతుంది, కొండ అంత పెరిగితే వేగం పదో వంతుకు పడిపోతుంది.

ఇది నా చేతుల మీద జరిగింది ల్యాబ్‌లో. గుడ్డు తెల్లసొనలో లైసోజైమ్ అనే ప్రోటీన్ ఉంటుంది, 129 అమైనో ఆమ్లాల గొలుసు. దాన్ని వేర్వేరు గాఢతల గ్వానిడీన్ హైడ్రోక్లోరైడ్‌లో (ప్రోటీన్ మడతను విప్పేసే రసాయనం) కలిపి, ఎంత విప్పుకుందో ఫ్లోరిమీటర్‌లో (ప్రోటీన్ వెలువరించే వెలుగును కొలిచే పరికరం) చూడాలి. అటూ ఇటూ ఉన్న ట్యూబులు బాగానే వచ్చాయి, మధ్యలో 4 మోలార్ చుట్టుపక్కలవి మాత్రం గీత మీద కూర్చోలేదు. పిపెట్ తప్పేమోనని మళ్లీ చేశాను, మళ్లీ అదే. విసుగొచ్చి టీకి వెళ్లి వచ్చి అవే ట్యూబులు చూస్తే చక్కగా గీత మీదకొచ్చాయి. సగం విప్పుకునే చోట మడత పడటం, విప్పుకోవడం రెండూ నెమ్మదే, నేను సమతాస్థితి రాకముందే కొలిచేస్తున్నాను. మేడం ముక్కుపుడక అప్పుడు గుర్తొచ్చింది.

ఆ గీత నుంచి లెక్క కడితే, మామూలు నీటిలో ఆ ప్రోటీన్ విప్పుకోవడానికి కావలసింది మోల్‌కు 35-40 కిలోజౌల్స్, అంతే. పైన చెప్పిన 5.7తో భాగించి చూడండి, ఏ క్షణంలోనైనా పది లక్షల్లోనో కోటిలోనో ఒక్క అణువు విప్పుకుని ఉంటుంది. అంత పెద్ద గొలుసుకి ఇంత చిన్న అంకె ఎందుకంటే, మడత పడినప్పుడు ఎంథాల్పీలో లాభం, నూనె స్వభావం ఉన్న భాగాలు లోపల దాక్కుంటే వాటి చుట్టూ ఉన్న నీటికి వచ్చే స్వేచ్ఛ ఒకవైపు, గొలుసు తన స్వేచ్ఛ పోగొట్టుకోవడం ఇంకోవైపు. రెండూ పెద్ద మొత్తాలే, చేతిలో మిగిలేది చిల్లర.

ఇక గరాటు. వంద అమైనో ఆమ్లాలకు ఒక్కోదానికి మూడే భంగిమలనుకున్నా, మొత్తం ఆకారాలు 5 పక్కన 47 సున్నాలు. అన్నీ వెతుక్కుంటూ పోతే విశ్వం వయసు చాలదు, 1969లో లెవింతాల్ అనే శాస్త్రవేత్త ఎత్తి చూపిన చిక్కు ఇదే. గరాటు బొమ్మ దీనికోసం వచ్చింది: లోతు అంటే ఆ ఆకారానికి ఉన్న శక్తి, వెడల్పు అంటే ఆ ఎత్తులో ఎన్ని ఆకారాలు సాధ్యమో, అంటే గొలుసు ఎంట్రోపీ. కొండ ఉన్న గ్రాఫ్‌లో వెడల్పు కనబడదు, దాన్ని మైనస్ టి డెల్టా ఎస్‌గా ఎత్తులోనే కలిపేశారు. అందుకే గరాటు నున్నగా ఉన్నా ఆ గ్రాఫ్‌లో కొండ రావచ్చు: స్వేచ్ఛ ముందే ఖర్చయిపోతుంది, బంధాల రాబడి తర్వాత వస్తుంది. ఈ ముక్క ఎవరూ క్లాసులో చెప్పరు, రెండు బొమ్మలూ పక్కపక్కన గీసి వదిలేస్తారు.

గుడ్డు సంగతికొస్తే, వేడి పెంచితే టి డెల్టా ఎస్ పెరిగి విప్పుకున్న వైపు మొగ్గుతుంది. అలా విప్పుకున్న గొలుసులు పక్క గొలుసులకు అతుక్కుపోయి వేరే గుంటలో పడతాయి. చల్లార్చినంత మాత్రాన అందులోంచి బయటపడే దారి లేదు. అన్‌ఫిన్సెన్ (1972 రసాయనశాస్త్ర నోబెల్‌లో సగం ఆయనది) రైబోన్యూక్లియేజ్ అనే ప్రోటీన్‌తో చేసిన ప్రయోగంలో ఇలాంటి ఇరుక్కుపోవడమే కనిపిస్తుంది. అందులో నాలుగు గంధకపు బంధాలు ఉంటాయి, వాటిని 105 రకాలుగా జత కట్టొచ్చు. ముందు యూరియాతో (ఇదీ మడత విప్పేసేదే) ప్రోటీన్‌ను విప్పి ఆ బంధాలు తెంపి, యూరియా ఉండగానే మళ్లీ బంధాలు వేయనిస్తే జతలు తారుమారై ఒక్క శాతం పనితనమే వచ్చింది. తర్వాత యూరియా తీసేసి గంధకపు బంధాలను విడదీసే మెర్కాప్టోఇథనాల్ రవ్వంత కలిపితే తప్పు జతలు విడిపోతూ, కలుస్తూ, సుమారు పది గంటల్లో ప్రోటీన్ దాని అసలు ఆకారానికి వచ్చేసింది. పల్లం మొదటినుంచీ అక్కడే ఉంది, ఆ రవ్వ తూము తెరిచింది.