విన్నిపెగ్‌కు చలి తప్ప చెప్పుకోదగ్గ చరిత్ర ఉందా?

చదువు కోసం కెనడాలోని విన్నిపెగ్‌కు వెళ్తున్నానని, ఆ ఊరికి చలి తప్ప చెప్పుకోదగ్గ చరిత్ర ఏమైనా ఉందా అని మీరు అడిగారు. నేను అక్కడ ఆరేళ్లు ఉన్నాను. నాకు తెలిసినంతలో ఆ ఊరి చరిత్రలో సగం నీళ్ల కథే. ఊరి పేరు కూడా క్రీ భాషలో ‘బురద నీళ్లు’ అనే అర్థమున్న మాటల నుంచి వచ్చినదే.

నేను వెళ్లిన ఏడాది మార్చి నెలాఖరున ఇంటి యజమాని వచ్చి, బేస్‌మెంట్‌లో నేల మీద పెట్టుకున్న నా పుస్తకాల పెట్టెలను పైకి ఎత్తించి, మూలనున్న గుంతలో బకెట్ నీళ్లు పోసి, అందులోకి ఊరిన నీటిని బయటికి తోడేసే సంప్ పంపు తిరుగుతున్నదో లేదో చూశారు. బయట ఇంకా మోకాటి లోతు మంచు ఉంటే ఈ పెద్దాయనకు వరద గురించి ఇంత కంగారేమిటని లోలోపల నవ్వుకున్నాను. రాజమండ్రిలో పెరిగిన నాకు వరదంటే ఆగస్టులో వచ్చే ఎర్ర గోదావరే కదా! అక్కడి రెడ్ రివర్ మాత్రం అమెరికాలో పుట్టి ఉత్తరానికి పారుతుంది. వసంతంలో ఎగువన మంచు ముందుగా కరిగి నీరు కదిలే వేళకు దిగువన నది ఇంకా గడ్డకట్టే ఉంటుంది కనుక, బల్లపరుపుగా ఉన్న ఆ నేల మీద నీరు పోయే దారి లేక పక్కలకు పరుచుకుంటుంది.

1950లో అలాగే వచ్చిన వరదకు దాదాపు లక్ష మంది ఇళ్లు విడిచిపోయారు. అప్పటికి తనకు పదేళ్లని, పెద్దవాళ్లు ఇసుక నింపుతుంటే బస్తాల మూతులు తెరిచి పట్టుకోవడం తన పనని మా యజమాని చెప్పారు.

ఆ తర్వాత విన్నిపెగ్ ఉన్న మానిటోబా రాష్ట్రానికి ప్రీమియర్, అంటే మన ముఖ్యమంత్రి లాంటివాడు, అయిన డఫ్ రోబ్లిన్ పట్టుబట్టి, నీటిని ఊరికి తూర్పుగా మళ్లించే 47 కిలోమీటర్ల కాలువను తవ్వించారు. 1962 నుంచి 1968 దాకా సాగిన ఆ పనికి 6.3 కోట్ల డాలర్లు ఖర్చయింది. అంత డబ్బు మట్టిలో పోస్తున్నాడని గిట్టనివాళ్లు దానికి ‘డఫ్ గారి గుంట’ అని పేరు పెట్టారు. 1997లో ఎగువనున్న అమెరికా పట్టణం గ్రాండ్ ఫోర్క్స్ మునిగి, నీళ్లలో ఉండగానే దాని నడిబొడ్డున భవనాలు కాలిపోయాయి. విన్నిపెగ్ మాత్రం చాలావరకు నిలబడింది. గుంట అన్న పేరు ఇప్పటికీ ఉంది, కాకపోతే ఇప్పుడు దాన్ని గర్వంగా పలుకుతారు. ఎండాకాలంలో ట్రాన్స్-కెనడా రహదారి వంతెన మీద నుంచి దాన్ని మొదటిసారి చూసి, గడ్డి పెరిగిన ఎండు చెరువనుకున్నాను.

అయితే ఆ ఊరి నీళ్ల కథ అంతా గర్వంగా చెప్పుకునేది కాదు. అక్కడి కుళాయి నీళ్లు షోల్ లేక్ అనే సరస్సు నుంచి సుమారు 150 కిలోమీటర్లు వాలు మీదనే పారి వస్తాయి. 1919లో పూర్తయిన ఆ పథకం కోసం తవ్విన కాల్వ వల్ల సరస్సు ఒడ్డునున్న అనిషినాబే అనే ఆదివాసీ ప్రజల ఊరు, షోల్ లేక్ 40, దీవిగా మారి బయటి ప్రపంచానికి దూరమైంది. నగరానికి నీళ్లిచ్చిన ఆ ఊరివాళ్లు 1997 నుంచి 2021 దాకా తమ నీళ్లను మరిగించుకునే తాగవలసి వచ్చింది. ‘ఫ్రీడమ్ రోడ్’ అని పిలిచే రోడ్డు వారికి 2019లో గానీ రాలేదు. నేను రెండేళ్లు ఆ నీళ్లు తాగాక గానీ ఈ సంగతి నాకు తెలియలేదు.

మీకు అద్దెకు దొరికేది బేస్‌మెంట్ గదే అయితే, సంప్ పంపు ఎక్కడుందో మొదటి రోజే అడిగి తెలుసుకోండి.