ఫోన్‌లో చదువు మొదలుపెడుతున్న నా మేనకోడలికి

బిడ్డా,

కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ చదువుల పోర్టల్ స్వయంలో, ఐఐటీలు నడిపే ఎన్‌పీటీఈఎల్ వాళ్ల 12 వారాల పైథాన్ (కంప్యూటర్ ప్రోగ్రాములు రాసే భాష) కోర్సులో నువ్వు చేరావని నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. ఐఐటీ సార్ల పాఠం దేవరకొండలో మీ ఇంటిదాకా వచ్చిందంటే నాకు నిద్ర పట్టలేదు. సంతోషం ఎంతుందో, భయం కూడా అంతే ఉంది.

చేరడం ఉచితమే. సర్టిఫికెట్ కావాలంటే మాత్రం పరీక్షకు మళ్లీ వేరుగా అప్లై చేసి, 1000 రూపాయలు కట్టి, సెంటర్‌కు వెళ్లి రాయాలి. గడువు తేదీ ఇవాళే చూసుకో. డబ్బు నేను పంపిస్తా, మీ నాయనను అడగకు.

ఇక నా సంగతి విను. 1982లో మన నాగార్జునసాగర్‌లోనే దేశంలోకెల్లా మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం, అంటే ఓపెన్ యూనివర్సిటీ పెట్టారు. ఇప్పుడు అంబేద్కర్ పేరుతో ఉన్నది అదే. కొన్నేళ్లకు నేను బీకాంలో చేరాను. పగలు మిర్యాలగూడలో రైస్ మిల్లు గుమాస్తా పని, రాత్రి చదువు. అకౌంట్స్ లెక్క చదివేవాణ్ని, కిందే జవాబు చదివేవాణ్ని, అర్థమైందని పేజీ తిప్పేవాణ్ని. ఒక్కనాడూ పెన్ను పట్టి డెబిట్, క్రెడిట్ గీతలు గీసి చెయ్యలేదు. నల్లగొండలో క్లాసులుంటే బస్సు కిరాయి దండగ అన్నాను. అసలు సంగతి అది కాదు బిడ్డా, నలుగురిలో డౌటు అడగాలంటే సిగ్గు.

పరీక్షలో బ్యాలెన్స్ షీట్ ఇచ్చారు. రెండు వైపులా మొత్తాలు సమానం రావాలి, నాకు కలవలేదు. కొట్టేసి మళ్లీ వేశాను, ఈసారి తేడా ఇంకా పెరిగింది. చెమటకు చేతి కింద సిరా అలుక్కుపోయింది. బెల్లు కొట్టేసరికి కాగితమంతా కొట్టివేతలే. ఆ పేపరు పోయింది. ఫీజు కడితే మళ్లీ రాయొచ్చు, కానీ నేను రాయలేదు. పుస్తకాలు అటకెక్కించి, పనిలో తీరిక లేదని అందరికీ చెప్పాను. మీ అమ్మమ్మ ఒక్కతే నమ్మలేదు. పోయేదాకా ఆ కట్ట మీద దుమ్ము దులుపుతూనే ఉంది.

అందుకే నీ వీడియోలంటే నాకు భయం. సార్ చేస్తుంటే అంతా మనకే వచ్చినట్టు ఉంటుంది. వీడియో ఆపి, ఆ ప్రోగ్రామ్ నువ్వు సొంతంగా టైప్ చెయ్యి. తప్పని చూపిస్తే ఎందుకో వెతుకు. 12 అసైన్‌మెంట్లలో ఎక్కువ మార్కులొచ్చిన 8 మాత్రమే లెక్కలోకి వస్తాయట. నాలుగు పోతే ఏమైందిలే అని వదిలేస్తావేమోనని నాకు టెన్షన్. వదిలావో, నేనే దేవరకొండ బస్సెక్కుతా. ఇలాంటి కోర్సుల్లో చేరినవాళ్లలో చివరిదాకా ఉండేవాళ్లు తక్కువ. పక్కింటి స్నేహితురాలిని కూడా చేర్చుకో, డౌట్లు ఒకరినొకరు అడగండి. ఇంగ్లిష్ అందకపోతే స్పీడు తగ్గించి విను, అందులో సిగ్గేమీ లేదు.

ఆదివారం పొద్దున వీడియో కాల్ చెయ్యి. ఆ వారం చేసింది నాకు చూపించు. నాకు పైథాన్ రాదు, అయినా ఎక్కడ ఆగిపోయావో చెప్పు, వింటాను.

మీ మామ