‘ఫార్గో’ లాంటి పాత డార్క్ కామెడీ ఫోన్‌లోనే చూసేయొచ్చు కదా, ఇంకా డిస్క్ కొనడం ఎందుకు?

కొనండి. నేను ఆ ఫార్గో ఊళ్ళోనే రెండేళ్ళు ఎమ్మెస్ వెలగబెట్టాను కాబట్టి, ఈ విషయంలో మాట్లాడే హక్కు ఇక్కడున్న అందరికన్నా నాకు కాస్త ఎక్కువే ఉందని నా నమ్మకం.

ముందు ఒక కోపం తీర్చుకోనివ్వండి. ఫార్గోలో చదివానంటే చాలు, "ఆ హత్యలు జరిగిన ఊరా?" అంటారు. అయ్యా, సినిమాలో ఫార్గో కనబడేది మొదట్లో ఆ బార్ సీనులోనే. కథలో ప్రధాన పాత్ర వేసిన విలియమ్ మేసీ వచ్చి, తన పెళ్ళాన్ని కిడ్నాప్ చేయమని ఇద్దరు కిరాయి మనుషులతో బేరం కుదుర్చుకుని పోతాడు, అంతే. మిగతా రక్తపాతమంతా పక్క రాష్ట్రం మిన్నెసోటాలో, మినియాపొలిస్, బ్రెయినర్డ్‌ల చుట్టూ. పైగా షూటింగ్ చేసిన చలికాలంలో మిన్నెసోటాలో సరిగ్గా మంచే పడక, యూనిట్ వాళ్ళు మంచు వెతుక్కుంటూ మా నార్త్ డకోటా దాకా రావాల్సొచ్చింది. మంచు మాది, హత్యలు వాళ్ళవి, చెడ్డపేరు మాకు.

సరే, డిస్కు సంగతి. 2007 అక్టోబర్లో మూర్‌హెడ్‌లో (రెడ్ రివర్ దాటితే అవతలి ఒడ్డు, రాష్ట్రం మారుతుంది, చలి మారదు) ఒక పెద్దావిడ ఇంటి ముందు గ్యారేజ్ సేల్ పెడితే, గిన్నెల కోసం నేనూ మా జూనియర్ ఒకడూ వెళ్ళాం. గిన్నెలు దొరకలేదు గానీ, కడుపులోనే వీసీఆర్ ఉన్న పాత టీవీ ఒకటి పది డాలర్లకి దొరికింది. దాని కింద ఒక డబ్బా. అందులో ఫార్గో వైడ్‌స్క్రీన్ వీడియో టేపు, దాంతో పాటు అరచేతిలో పట్టే గాజు గోళం. లోపల ఉడ్ చిప్పర్ సీను బొమ్మ, అంటే సినిమాలో కొమ్మల్ని ముక్కలు చేసే యంత్రంలో శవాన్ని వేసే సీను. ఊపితే తెల్లటి మంచుతో పాటు ఎర్రటి పలుకులు కూడా లేస్తాయి. క్రిస్మస్‌కి పిల్లలకి కొనిచ్చే స్నో గ్లోబ్‌ని రక్తం చిమ్మేలా చేసి సినిమా టేపుతో కలిపి అమ్మారంటే, ఆ ఆలోచన వచ్చినవాడికి దండం పెట్టాలి. మూడు డాలర్లు ఇచ్చి తెచ్చుకున్నాం.

ఆ రాత్రి టేపు పెట్టగానే పైనా కిందా నల్ల పట్టీలు వచ్చాయి. మా వాడు టీవీ నెత్తిన రెండు మొట్టికాయలు వేసి, "అన్నా, ముసలావిడ మోసం చేసింది, సగం బొమ్మ పోయింది" అన్నాడు. పోలేదురా, మొత్తం బొమ్మ ఉంది కాబట్టే పట్టీలు ఉన్నాయి అని చెప్పడానికి నాకు పావుగంట పట్టింది. ఆ రోజుల్లో టేపులు చాలావరకు చదరపు టీవీకి సరిపోయేలా బొమ్మ ఆకారం మార్చేసి అమ్మేవాళ్ళు. ఈ సినిమాకి అలా చేస్తే కామెడీ చచ్చిపోతుంది. ఎందుకంటే ఇందులో సగం జోకులు డైలాగుల్లో లేవు, ఖాళీ మంచులో ఉన్నాయి.

ఆ కిరాయి మనుషుల్లో ఒకడు, స్టీవ్ బుసెమీ, డబ్బు పెట్టెని కంచె పక్కన పాతిపెట్టే సీను తీసుకోండి. దవడ పగిలి రక్తం కారుతుంటే పెట్టెని మంచులో పూడ్చి, గుర్తు కోసం ఎడమవైపు చూస్తాడు, కంచె కర్రలు చూపు ఆనినంత దూరం ఒకేలా. కుడివైపు చూస్తాడు, అటూ అంతే. అప్పుడు కారు అద్దం మీద మంచు గీకే చిన్న ఎర్ర స్క్రేపర్ తీసి అక్కడ గుచ్చుతాడు. దాదాపు మిలియన్ డాలర్లకి గుర్తు ఒక స్క్రేపర్ ముక్క! ఆ స్క్రేపర్ చీమంత కనబడితేనే నవ్వొస్తుంది. ఫోన్‌లో అసలు కనబడదు. రోజర్ డీకిన్స్ కెమెరాలో నేల ఎక్కడ ఆగిందో ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియని తెలుపు ఉంటుంది చూశారా, నెట్ కాస్త నెమ్మదించిందంటే అది గళ్ళు గళ్ళుగా సున్నం పెచ్చులూడిన గోడలా అయిపోతుంది.

ఇంకొకటి. సినిమా మొదట్లో "ఇది నిజంగా జరిగిన కథ, 1987లో మిన్నెసోటాలో జరిగింది" అని వేస్తారు. అది అబద్ధం, సినిమా తీసిన కోయెన్ బ్రదర్స్ మనమీద వేసిన మొదటి జోకు. మా వాడు నమ్మేశాడు, "తెర మీద రాశారు కదన్నా" అని ఒకటే వాదన. చివరికి ఎండ్ టైటిల్స్ దాకా టేపు తిప్పి, పాత్రలన్నీ కల్పితం అన్న వాక్యం దగ్గర ఆపి చూపిస్తే గానీ దారికి రాలేదు. ఇప్పటి యాప్‌లలో ఆ టైటిల్స్ మొదలవగానే బొమ్మని మూలకి నొక్కేసి, ఐదు సెకన్లలో వేరే ఏదో సినిమా మొదలుపెట్టేస్తారు. జోకుకి జవాబు చివర్లో ఉంటే అక్కడిదాకా పోనివ్వరు, ఏం మనుషులండీ వీళ్ళు!

అసలు చెప్పాలనుకున్నది ఇప్పుడు చెప్తాను. జనవరిలో మినియాపొలిస్‌లో ఫ్రెండ్‌కి చూపిద్దామని ఆ గోళాన్ని గుడ్డసంచిలో పెట్టి తీసుకెళ్ళి, కారు వెనక సీట్లోనే మర్చిపోయాం. రాత్రి మైనస్ పాతిక. లోపలి నీళ్ళు గడ్డకట్టి గాజు పగిలింది, కానీ ఐసు పట్టుకుని ఉంది కాబట్టి పొద్దున ఎవరికీ తెలియలేదు. తిరుగు ప్రయాణంలో మా వాడు వెనక సీట్లో సంచి ఒళ్ళో పెట్టుకుని నిద్రపోయాడు. నేను హీటర్ ఫుల్లుగా పెట్టాను. అలెగ్జాండ్రియా దగ్గర పెట్రోల్ కోసం ఆపేసరికి వాడి ఖాకీ ప్యాంటు తొడ నుంచి మోకాలి దాకా తడి, ఆ తడి నిండా ఎర్రటి పలుకులు. వాడు బయటికి దూకి టిష్యూ పేపర్‌తో తుడుచుకుంటుంటే, పక్క పంపు దగ్గర చెవుల టోపీ పెట్టుకున్న పెద్దాయన ఒకాయన చూసి, "అంతా బాగానే ఉందా బాబూ?" అని అడిగాడు. కంగారులో మా వాడి నోట్లోంచి వచ్చిన ముక్క, "ఇది ఉడ్ చిప్పర్ లోంచి వచ్చింది సర్."

ఆయన ఓ నాలుగు సెకన్లు వాణ్ణి చూశాడు, నన్ను చూశాడు. "ఓ... ఓకే దెన్" అని కారెక్కి వెళ్ళిపోయాడు. సినిమాలో మనుషులు మాట్లాడే తీరు అతి అనుకునేవాళ్ళుంటే ఒకసారి ఆ పంపు దగ్గర నిలబడి రండి. అక్కడి నుంచి ఫార్గో చేరేదాకా వెనక పోలీసు కారేమైనా వస్తుందేమోనని అద్దంలో చూస్తూనే నడిపాను. సినిమాలోలాగే బ్రెయినర్డ్ పోలీస్ చీఫ్‌గా ఏడు నెలల కడుపుతో ఫ్రాన్సెస్ మెక్‌డార్మండ్ దిగినా ఆశ్చర్యపోయేవాణ్ణి కాదు.

తర్వాత డీవీడీ కొన్నాను, బ్లూరే కొన్నాను, 2023లో 4కే డిస్కు వస్తే అదీ కొన్నాను. మా ఆవిడ ఒకే సినిమాకి ఇన్నిసార్లు డబ్బులేంటండీ అంటుంది, దానికి నా దగ్గర జవాబు లేదు. టేపు మాత్రం ఇంకా ఉంది, వేసుకోవడానికి వీసీఆరే లేదు. ఆ కారు 2009లో అమ్మేశాను, అప్పటికీ వెనక సీటు సందుల్లో ఎర్ర పలుకులు మెరుస్తూనే ఉన్నాయి. కొన్నాయన వంగి ఒకసారి చూశాడు. ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.