సిరంజీలు పంచే పనికి చదువెందుకు అంటున్న నాన్నగారికి

ప్రశ్న: మాది మదనపల్లె. చాలా ఏళ్లుగా బెంగళూరు కేఆర్ పురంలో ఉంటున్నాం. మా అమ్మాయి బీఏ సైకాలజీ పూర్తి చేసింది. కాలేజీలో ఉండగా ఒక స్వచ్ఛంద సంస్థకు వాలంటీర్‌గా వెళ్లేది. ఇప్పుడు మత్తుమందులకు అలవాటు పడినవాళ్ల మధ్య హార్మ్ రిడక్షన్ (అలవాటు మానకపోయినా, సూదులు పంచుకోవడం వల్ల వచ్చే జబ్బుల్లాంటి హాని తగ్గించడం), ఓవర్‌డోస్ (మోతాదు మించడం) నివారణ పనులు చూసే కోఆర్డినేటర్ అవుతానంటోంది. కన్సల్టెన్సీ వాళ్లేమో అమెరికాలో ఎంపీహెచ్ (ప్రజారోగ్యంలో పీజీ) చేయించమంటున్నారు, నలభై లక్షల లోను ఇప్పిస్తారట. అమెరికా ఎంపీహెచ్, ఇక్కడి ఎంపీహెచ్, ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ), మూడింటిలో ఏది మేలు? సిరంజీలు పంచుతూ తిరిగితే పోలీసు కేసులు కావా? రేపు పెళ్లి సంగతేంటి? మా అన్నగారి అబ్బాయి పోయిన నెలే డీ-అడిక్షన్ సెంటర్ నుంచి వచ్చాడు. వాడి గొడవ మొదలైనప్పటి నుంచే ఈ పిల్లకి ఈ పిచ్చి పట్టింది.

జవాబు: కోర్సుల పోలిక అడిగారు గానీ, మీ టెన్షన్ కోర్సుల గురించి కాదని చివరి నాలుగు వాక్యాలు చదివితే తెలిసిపోతుంది. మీలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తాయి. కోర్సు పేరు మారుతుంది, ‘అలాంటివాళ్ల మధ్య మా పిల్ల ఎందుకు’ అన్న మాట మాత్రం మారదు. అందుకే ముందు దానికే జవాబు చెబుతాను. ఎంట్రన్సులు, తేదీలు ఆయా సంస్థల వెబ్‌సైట్లలో దొరుకుతాయి, వాటి జోలికి పోను.

కోఆర్డినేటర్ అంటే సంచిలో సిరంజీలు వేసుకుని వీధులు తిరిగే మనిషి అనుకుంటున్నారు. వీధుల్లో ఎక్కువగా తిరిగేది అవుట్‌రీచ్ వర్కర్లు, పీర్ ఎడ్యుకేటర్లు. పీర్ ఎడ్యుకేటర్లలో చాలామంది ఒకప్పుడు ఆ అలవాటులో ఉన్నవాళ్లే. కోఆర్డినేటర్ వాళ్లందరినీ నడిపించాలి. ఎన్ని కొత్త సూదులు వెళ్లాయి, ఎన్ని వాడిన సూదులు వెనక్కి వచ్చాయి, ఎవరికి హెచ్ఐవీ, హెపటైటిస్-సి పరీక్షలు చేయించాలి, ఎవరు బ్యుప్రినార్ఫిన్ (హెరాయిన్ లాంటివాటికి బదులుగా ఇచ్చే మందు) డోసుకు రావడం మానేశారు అన్న లెక్కలన్నీ ఆమె చేతిలో ఉంటాయి. ఈ మాత్రను నాలుక కింద పెట్టుకోవాలి, సిబ్బంది కళ్లెదుటే. మానేసినవాడి ఇంటికి మనిషిని పంపాలి. స్టేషన్‌కి వెళ్లి ఎస్సైకి ప్రాజెక్టు గురించి వివరించాలి. నెలాఖరున రిపోర్టు పంపాలి. సగం ఆఫీసు పని, సగం మనుషులతో పని.

ఇక పోలీసు కేసుల భయం. ఇది ఎవరో చాటుగా చేసే పని కాదు. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ, అంటే నాకో, హెచ్ఐవీ ముప్పు ఎక్కువున్నవాళ్ల కోసం టార్గెటెడ్ ఇంటర్వెన్షన్ పేరుతో దేశమంతటా నడిపించే కార్యక్రమంలో ఇదొక భాగం. రాష్ట్రాల్లో ఎయిడ్స్ సొసైటీలు స్వచ్ఛంద సంస్థల ద్వారా చేయిస్తాయి. హెచ్ఐవీ సోకకుండా చేసే ఇలాంటి పనులను నేరంగా చూడకూడదని 2017 నాటి హెచ్ఐవీ-ఎయిడ్స్ చట్టం 22వ సెక్షన్‌లో రాసి ఉంది. చట్టం ఉన్నంత మాత్రాన కింది స్థాయి కానిస్టేబుల్‌కు అది తెలిసి ఉంటుందని చెప్పలేను. ఆ గొడవలు వస్తాయి. అందుకే ఐడీ కార్డు, నియామక పత్రం ఇచ్చే గుర్తింపు ఉన్న ప్రాజెక్టులోనే చేరాలి. అవి ఇవ్వని చోట వాలంటీర్‌గా కూడా వద్దని చెప్పండి.

ఇప్పుడు అమెరికా సంగతి. ఇక్కడ కాస్త ఎక్కువే మాట్లాడతాను, ఎందుకంటే కన్సల్టెన్సీ వాళ్లు మీకు సగమే చెప్పారు. కరోనా తర్వాత పబ్లిక్ హెల్త్ అనేది ఫ్యాషన్ అయింది. అమెరికాలో 2022లో డ్రగ్ ఓవర్‌డోస్ వల్ల లక్షకు పైగా జనం చనిపోయారు, 2024లో ఆ సంఖ్య సుమారు 80 వేలకు దిగింది. ‘అంత పెద్ద సమస్య ఉంది కాబట్టి అంత డిమాండ్ ఉంటుంది’ అని వాళ్లు చెప్పే ఉంటారు. సమస్య ఉన్నచోటల్లా విదేశీ విద్యార్థికి ఉద్యోగం ఉండదండీ. మామూలు ఎంపీహెచ్‌కి చదువయ్యాక అక్కడ పనిచేయడానికి దొరికేది ఒక్క ఏడాది. ఎపిడెమియాలజీ, బయోస్టాటిస్టిక్స్ లాంటి స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, లెక్కలు) గుర్తింపు ఉన్న కోర్సులకైతే మరో రెండేళ్లు కలుస్తాయి. మీ అమ్మాయి కోరుకునేది మనుషులతో పని, అంకెలతో కాదు. హెచ్-1బీ కొత్త దరఖాస్తులకు 2025 సెప్టెంబరులో లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు. ఓ ఊళ్లోని చిన్న ఆరోగ్య కేంద్రం ఒక కోఆర్డినేటర్ కోసం అంత కడుతుందా?

నా అసలు అనుమానం వీసా గురించి కూడా కాదు. ఈ రంగంలో ఎవరిని ఉద్యోగంలోకి తీసుకుంటారు? వీధి తెలిసినవాళ్లను, అక్కడి యాసలో మాట్లాడగలిగేవాళ్లను. కేఆర్ పురంలో పెరిగిన పిల్లకి తెలుగు, కన్నడం, కాస్తో కూస్తో తమిళం, హిందీ వచ్చి ఉంటాయి. బెంగళూరులో ఆ నాలుగు భాషలే పెట్టుబడి. అమెరికాలోని బాల్టిమోర్‌లో వాటికి విలువ లేదు. పైగా అక్కడి పోరాటమంతా ఫెంటనిల్‌తో, అంటే హెరాయిన్ కంటే ఎన్నో రెట్లు ఘాటైన మత్తుమందుతో. మన దగ్గర హెరాయిన్, నొప్పి మాత్రలు, వాటన్నిటికీ మించి మద్యం. ఎయిమ్స్ నిపుణులు చేసిన, 2019లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారం దేశంలో 2.1 శాతం మంది ఓపియాయిడ్లు (నల్లమందు, హెరాయిన్, ఆ జాతి నొప్పి మాత్రలు) వాడుతున్నారు, సూదులతో మత్తుమందు తీసుకునేవాళ్లు సుమారు 8.5 లక్షలు. ఈ సమస్యను నేర్చుకోవడానికి అమెరికా వెళ్లి, అప్పు తీర్చడానికి అక్కడే ఇంకేదో డేటా ఉద్యోగంలో ఇరుక్కోవడం అప్పు చేసి పప్పుకూడు తినడం కూడా కాదు, ఆ పప్పైనా దక్కదు.

ఇక్కడ అంతా బాగుందని కూడా అనను. ఇవి ప్రాజెక్టు ఉద్యోగాలు. నిధులు ఆగితే జీతం ఆగుతుంది. హైదరాబాద్ నారాయణగూడలో 2021లో ట్రాన్స్‌జెండర్ల కోసం మొదలైన మిత్ర్ క్లినిక్ గుర్తుందా? అమెరికా ప్రభుత్వ సహాయ సంస్థ యూఎస్‌ఎయిడ్ డబ్బు ఆగిపోయేసరికి 2025 మొదట్లో మూతపడింది. తర్వాత వేరే నిధులతో మరో పేరుతో తెరుచుకుంది గానీ, మధ్యలో ఖాళీగా కూర్చున్నవాళ్ల ఇంటి అద్దె ఎవరు కట్టారు? మొదటి జీతం ఐటీ ఫ్రెషర్ కంటే తక్కువే ఉంటుంది. ఇంకో మాట, సూదులతో మత్తు తీసుకునేవాళ్ల ప్రాజెక్టులు ఎక్కువగా ఉన్నది మణిపూర్, మిజోరం, నాగాలాండ్, పంజాబ్ వైపు. కర్ణాటకలో ఎయిడ్స్ సొసైటీ ప్రాజెక్టులు చాలావరకు సెక్స్ వర్కర్లు, ట్రాన్స్‌జెండర్ల కోసం నడుస్తాయి. పనితీరు ఒకటే, నేర్చుకోవడానికి పనికొస్తుంది. కానీ ‘నాకు ఓవర్‌డోస్ పనే కావాలి’ అంటే ఊరు మారడానికి సిద్ధపడాలి. ఈ విషయం అమ్మాయికి చెప్పండి, ఆమెకూ తెలియకపోవచ్చు.

సరే, పోలిక. బీఏ సైకాలజీ చేసిన పిల్లకి నా ఓటు ఎంఎస్‌డబ్ల్యూకే, అందులో మెడికల్ అండ్ సైకియాట్రిక్ స్పెషలైజేషన్‌కి. ఫీల్డ్ వర్క్ చదువులోనే ఉంటుంది. 1952 నుంచి నడుస్తున్న మద్రాస్ స్కూల్ ఆఫ్ సోషల్ వర్క్ చెన్నైలోనే ఉంది, రాత్రి బస్సెక్కితే పొద్దునకి చేరొచ్చు. ఎంపీహెచ్ మంచి డిగ్రీయే, కాకపోతే రెండు మూడేళ్లు ఫీల్డ్‌లో నలిగాక చేస్తే దాని రుచి తెలుస్తుంది. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లోనూ ఎంపీహెచ్ ఉంది. కొన్ని సంస్థలు ఏ డిగ్రీ ఉన్నా తీసుకుంటాయి, కొన్ని వైద్య సంబంధమైన డిగ్రీ అడుగుతాయి, ఫీజు కట్టేముందు అర్హత చూసుకోండి. ఈమధ్య వీధికో యూనివర్సిటీ ఎంపీహెచ్ పెడుతోంది. ఫీల్డ్‌కి ఎక్కడికి పంపుతారని అడిగితే నీళ్లు నమిలే కాలేజీ అయితే, వచ్చేయండి.

పెళ్లి గురించి అడిగారు. మీ అమ్మాయి చేస్తున్న పనిని మీరే ‘పిచ్చి’ అని రాశారు. ఇంట్లో ఆ మాట వినపడుతుంటే బయట సంబంధాలవాళ్లు ఇంకేమంటారు? నర్సు, లాయరు, జైలు డాక్టరు, వీళ్లందరూ చూసే మనుషులనే ఈమె కూడా చూస్తుంది. వాళ్లతో మాట్లాడినంత మాత్రాన అలవాటు అంటుకోదు. నలుగురూ ఏమంటారోనన్న భయం మీది, దానికి అమ్మాయి భవిష్యత్తు అని పేరు పెట్టకండి. నా మాట కటువుగా ఉంటే క్షమించండి, కానీ ఈ మాట ఎవరో ఒకరు అనాలి.

మీ అన్నగారి అబ్బాయి విషయం కాస్త జాగ్రత్తగా చదవండి. అతను వాడింది ఏమిటో మీరు రాయలేదు. హెరాయిన్ గానీ, ఆ జాతి నొప్పి మాత్రలు గానీ అయితే, సెంటర్ నుంచి వచ్చాక మొదటి కొన్ని వారాలే అన్నిటికన్నా ప్రమాదం. మానేసిన రోజుల్లో ఒంటికి ఉన్న ఓర్పు తగ్గిపోతుంది. ఒకవేళ మళ్లీ తప్పటడుగు వేసి పాత మోతాదే తీసుకుంటే ఊపిరి ఆగిపోవచ్చు. పెదాలు నీలంగా మారి, కంటిపాపలు సూదిమొనలంత చిన్నగా అయి, లేపితే లేవకపోతే అది నిద్ర కాదు. ముఖం మీద నీళ్లు కొట్టడం, ఉప్పునీళ్లు ఎక్కించడం పనికిరావు. 108కి ఫోన్ చేసి, ఊపిరి అందకపోతే నోటితో ఊపిరి ఇవ్వాలి, అందుతుంటే పక్కకి తిప్పి పడుకోబెట్టాలి. నాలోక్సోన్ అనే మందు ఆ మత్తును విడగొడుతుంది. ఓవర్‌డోస్ దగ్గర ఉండే అవకాశమున్న మామూలు మనుషులకు కూడా అది అందుబాటులో ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లోనే చెప్పింది. అమెరికాలో 2023 నుంచి ముక్కులో కొట్టే స్ప్రేగా డాక్టర్ చీటీ లేకుండా అమ్ముతున్నారు, మన దగ్గర ఎక్కువగా ఆసుపత్రుల్లో ఇంజెక్షన్‌గానే ఉంది. దాని ప్రభావం అరగంట నుంచి గంటన్నర, అది తగ్గాక మనిషి మళ్లీ మత్తులోకి జారొచ్చు. అందుకే లేచి కూర్చున్నా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే.

ఇవన్నీ మీ అమ్మాయికి ఈపాటికే తెలిసి ఉంటాయి. ఈ ఆదివారం ఆమెను వెంటబెట్టుకుని మీ అన్నగారింటికి వెళ్లండి, వదినగారికి కూడా ఈ గుర్తులు చెప్పించండి. అబ్బాయితో విడిగా మాట్లాడనివ్వండి, మీరు మధ్యలో దూరకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416లో తెలుగులో మాట్లాడొచ్చు, మత్తు విషయానికి ప్రత్యేకంగా 14446 ఉంది, రెండూ ఉచితమే. కోర్సు దరఖాస్తులు ఆ తర్వాత చూద్దురు గాని. కన్సల్టెన్సీకి మాత్రం అడ్వాన్స్ కట్టకండి.