రెప్పపాటు కూడా బతకని కేంద్రకం కోసం ఇన్నేళ్ల చదువా?

ప్రశ్న: మా అమ్మాయి విజయనగరంలో బీఎస్సీ రెండో ఏడాది చదువుతోంది. యాక్సిలరేటర్లలో అరుదైన కేంద్రకాలను పుట్టించే పరిశోధనే చేస్తానంటోంది. అవి పుట్టిన మరుక్షణమే పోతాయట. ఈ చదువుకు ఉద్యోగాలుంటాయా? రేడియేషన్ అంటే కూడా టెన్షన్‌గా ఉంది.
– ఒక తల్లి

జవాబు: అమ్మా, ముందు ఆ మరుక్షణం సంగతి చెబుతాను. యాక్సిలరేటర్ అనే యంత్రంలో బరువైన పరమాణు కేంద్రకాలను కాంతి వేగంలో సగం దాకా పరుగెత్తించి పల్చటి బెరీలియం లేదా కార్బన్ పలకకేసి కొడతారు. పగిలిన ముక్కల్లో కావలసినదాన్ని అయస్కాంతాలతో ఏరి డిటెక్టర్‌కు చేరుస్తారు. ఉదాహరణకు, లిథియం-11 అనే అరుదైన కేంద్రకం అర్ధాయుష్షు (అంటే ఉన్నవాటిలో సగం నశించడానికి పట్టే సమయం) సుమారు 8.7 మిల్లీసెకన్లు. ఆ వేగంతో అంతసేపట్లో 1300 కిలోమీటర్లు పోవచ్చు. ల్యాబ్‌లో దారి కొన్ని వందల మీటర్లే. కాబట్టి బోలెడంత టైముంది! 1985లో ఇసావో తనిహటా బృందం అమెరికాలోని బర్క్‌లీలో ఈ లిథియం-11 సైజును కొలిస్తే అనుకున్నదానికంటే చాలా పెద్దదని తేలింది. అందులో రెండు న్యూట్రాన్లు మధ్య భాగానికి దూరంగా పొగమంచులా కమ్ముకొని ఉంటాయి. విశ్వంలో బంగారం ఎలా తయారైందో తేల్చాలన్నా ఇలాంటి కేంద్రకాలనే చదవాలి. మీ అమ్మాయి మనసు పడింది చాలా గొప్ప విషయం మీద.

రేడియేషన్‌కు భయపడకండి. బీమ్ (పరుగెత్తే కేంద్రకాల ధార) నడిచేటప్పుడు ఆ హాల్లోకి ఎవరినీ పోనివ్వరు, అందరికీ డోసు కొలిచే బ్యాడ్జీలు ఉంటాయి.

అసలు చూసుకోవలసింది పని తీరు. బీమ్ దొరికిందంటే రాత్రీ పగలూ ఆపరు, విద్యార్థులు షిఫ్టుల్లో కూర్చుంటారు. తెల్లవారుజామున మూడింటికి లేచి జెర్మేనియం డిటెక్టర్‌ను చల్లగా ఉంచే ద్రవ నైట్రోజన్ నింపాలి. వాక్యూమ్ ఎక్కడ లీకవుతోందో వెతకాలి. స్పెక్ట్రమ్‌లో చిన్న శిఖరం లేస్తుందేమోనని గంటల తరబడి తెర చూడాలి. థియరీ నచ్చి వచ్చి, ఈ పని నచ్చక మానేసేవాళ్లున్నారు.

దారి విషయానికొస్తే, ఐఐటీ జామ్ ప్రవేశ పరీక్ష రాసి ఎమ్మెస్సీలో చేరవచ్చు. మీకు దగ్గర్లోనే, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో స్వామి జ్ఞానానంద పునాది వేసిన న్యూక్లియర్ ఫిజిక్స్ విభాగం ఉంది. తర్వాత జెస్ట్ లేదా నెట్ పరీక్ష రాసి ఢిల్లీలోని ఐయూఏసీ, కోల్‌కతాలోని వీఈసీసీ లాంటి యాక్సిలరేటర్ పరిశోధన కేంద్రాల్లో పీహెచ్‌డీకి ప్రయత్నించవచ్చు. జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే నెలకు రూ.37,000. 2022లో అమెరికాలోని మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో ఎఫ్‌రిబ్ అనే అరుదైన కేంద్రకాల పరిశోధన కేంద్రం మొదలైంది. అక్కడ ఫిజిక్స్ పీహెచ్‌డీకి మామూలుగా ఫీజు మాఫీ చేసి స్టైపెండ్ ఇస్తారు. అందుకని లక్షల అప్పు చేసి ఎంఎస్‌కు మాత్రం పంపకండి.

ప్రొఫెసర్, సైంటిస్టు పోస్టులు తక్కువే, ఆ మాట దాచను. కానీ డిటెక్టర్లు, ఎలక్ట్రానిక్స్, డేటా విశ్లేషణ చేతికి వస్తే ఆసుపత్రుల్లో వాడే సైక్లోట్రాన్లు (ఒక రకం యాక్సిలరేటర్లు), రేడియేషన్ భద్రత, సాఫ్ట్‌వేర్ వైపు కూడా వెళ్లవచ్చు.

ఇప్పుడే ఏమీ తేల్చకండి. మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే వేసవి ఫెలోషిప్‌కు దరఖాస్తు చేయించండి. రెండు నెలలు ల్యాబ్‌లో ఉండి వచ్చాక, లీకు వెతికిన కబుర్లు ఎలా చెబుతుందో వినండి. అప్పుడు ఇద్దరూ కూర్చొని మాట్లాడుకోండి.